గుటకల ఉత్తర్వు

ప్రపంచ తేయాకు చరిత్రలో మన దేశం పేరు ఎక్కడా లేదన్న అవమానాన్ని వంద రోజుల్లో తుడిచిపెట్టేస్తానని తేయాకు శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆ ప్రకటన రాసింది కూడా నేనే. మంత్రులకు ఉపన్యాసాలు రాసిపెట్టడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళలో నలుగురు మంత్రులకు రాశాను. నలుగురూ మహావక్తలని పేరు తెచ్చుకున్నారు. నా పేరు మాత్రం మా వీధిలో పాలవాడికి కూడా సరిగ్గా తెలియదు.

పాత ముగ్గురూ రాసిచ్చింది రాసిచ్చినట్టు చదివేసి కారెక్కేవారు. ఈయన అలా కాదు. చదవబోయే ముందు చర్చిస్తారు.

"చరిత్ర మొత్తం ఒక్క ఉపన్యాసంలో రావాలయ్యా. మొట్టమొదటి గుక్క దగ్గర్నుంచి ఇవాళ పొద్దున మనం తాగిన గుక్క దాకా. ఎన్ని పేజీలవుతుంది?"

"నలభయ్యారు దాకా అవుతుంది సార్."

"అవనీ. చరిత్ర దగ్గర పిసినారితనం పనికిరాదు."

పుస్తకాలు ముందేసుకుని మొదలుపెట్టాను. చైనాలో ఒక చక్రవర్తి చెట్టు కింద నీళ్ళు కాచుకుంటుంటే గాలికి ఆకులు ఎగిరొచ్చి గిన్నెలో పడ్డాయనీ, అలా తేనీరు పుట్టిందనీ ఒక కథ ఉంది కదా, అది చదివి వినిపించాను. మంత్రిగారు కళ్ళు మూసుకుని విని, ఠక్కున తెరిచారు.

"ఆకులు ఎవరివి?"

"చైనావే సార్."

"గిన్నె?"

"అదీ వాళ్ళదే."

"నీళ్ళు?"

"అవీ అక్కడివే సార్."

"మరి గాలి?"

పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశాను. గాలి ఊసు ఎక్కడా లేదు.

"చూశావా! గాలి ఎటునుంచి వచ్చిందని ఇన్ని వేల ఏళ్ళలో ఒక్క చరిత్రకారుడికైనా అడగాలని తోచిందా? మన వైపు నుంచి వచ్చి ఉంటే? మన గాలే వీచకపోతే ఆ ఆకులు అలాగే చెట్టుకి వేలాడుతూ ఉండేవి. ఆ చక్రవర్తి వట్టి వేణ్ణీళ్ళు తాగి పడుకునేవాడు."

మర్నాడే వాతావరణ శాఖకి లేఖ వెళ్ళింది. సుమారు నాలుగువేల ఏడువందల ఏళ్ళ కిందట సదరు సందర్భంలో గాలి ఏ దిక్కు నుంచి వీచినదో తెలుపవలసిందని కోరాం. వాతావరణ శాఖవారు పాపం నిజాయితీపరులు. ఆ రోజు రికార్డు తమ దగ్గర లేదనీ, అయితే మన వైపు నుంచి వీచలేదని చెప్పడానికి కూడా ఆధారమేమీ లేదనీ జవాబు రాశారు. మంత్రిగారు ఆ రెండో ముక్క కింద ఎర్రసిరాతో గీత గీసి, "శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు" అన్నారు. ఉపన్యాసం తొమ్మిదో పేజీలోకి ఆ గాలి చేరిపోయింది.

చరిత్ర ఒక దారికొచ్చింది కనుక ఇక వర్తమానం కూడా చూద్దామని మంత్రిగారు తేయాకు పరీక్షా కేంద్రానికి తనిఖీకి బయల్దేరారు. వెనకాల మా కార్యదర్శిగారు, ఆయన వెనకాల కాగితాలు పట్టుకుని నేను.

ఆ కేంద్రంలో ప్రధాన రుచి పరీక్షకుడు మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఆయన తన నాలుకను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తున్నారు. పచ్చి ఉల్లిపాయ ముట్టరు. వాసన సబ్బు వాడరు. పెళ్ళయిన కొత్తలో అక్కయ్య కూరలో కాస్త కారం ఎక్కువేస్తే, "ఏమనుకోకు, ఈ నాలుక నాది కాదు, ప్రభుత్వానిది" అని కంచం ముందునుంచి లేచిపోయారట. ఆనాటి నుంచి వాళ్ళింట్లో చప్పిడి వంటే. నేను వాళ్ళింటికి భోజనానికి వెళితే జేబులో పచ్చిమిరపకాయ పెట్టుకుని వెళతాను.

మేం వెళ్ళేసరికి బావగారు పనిలో ఉన్నారు. పొడవాటి బల్ల మీద తెల్లకప్పులు బారుగా ఉన్నాయి. అన్నింటిలోనూ ఒకే తూకం ఆకు, ఒకే కొలత నీళ్ళు. బావగారు చెంచాతో తీసుకుని, జుర్రుమని గదంతా వినపడేలా పీల్చి, నోట్లో ఒక తిప్పు తిప్పి, పక్కన చక్రాల మీద నడుమెత్తున నిలబడిన ఇత్తడి ఉమ్మితొట్టిలోకి తుపుక్కున ఉమ్మి, "మూడో రకం" అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు. బావగారు తొట్టిని కాలితో ముందుకి నెట్టి రెండో కప్పు దగ్గరికి వెళ్ళారు. జుర్రు, తుపుక్కు, "మూడో రకమే, కాస్త మాడింది." రోజుకి రెండువందల నలభై కప్పులు ఇలా సాగుతాయి.

మంత్రిగారు నాలుగు కప్పుల దాకా ఊపిరి బిగబట్టి చూశారు.

"ఉమ్మేశాడు" అన్నారు చివరికి.

"అది పద్ధతి సార్" అన్నారు కార్యదర్శిగారు.

"నా ఎదురుగా ఉమ్మేశాడయ్యా!"

"మీరు లేనప్పుడు కూడా ఉమ్ముతారు సార్" అన్నారు కార్యదర్శిగారు, ధైర్యం చెబుతున్నట్టు.

మంత్రిగారు కప్పుల వైపు చెయ్యి చాపారు. "కొండల మీద ఆడవాళ్ళు నడుములు పడిపోయేలా కోసిన ఆకు. ప్రభుత్వం ఎండబెట్టి, నలిపి, పెట్టెల్లో పెట్టి భద్రంగా పంపిస్తే, జీతం పుచ్చుకుని మరీ దాన్ని ఉమ్ముతావా? రేపు ప్రతిపక్షంవాడెవడో ఫొటో తీస్తే? తన టీని తానే ఉమ్ముకున్న ప్రభుత్వం అని పేపర్లో వేస్తే ఎవడయ్యా జవాబు చెప్పేది?"

బావగారు చెంచా బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పారు. "మింగితే పదో కప్పుకే నాలుక మొద్దుబారిపోతుందండీ. రోజూ ఇన్ని మింగితే మనిషికి కంటిమీద కునుకుండదు. ప్రపంచంలో టీ రుచి చూసే పనివాళ్ళందరూ ఉమ్ముతారండీ."

"ప్రపంచం ఉమ్మితే ఉమ్మనీ. మనం మింగుదాం!"

ఆ మాట వినగానే కాగితం మీద రాసుకున్నాను. పన్నెండేళ్ళలో నేను రాయకుండా ఒక మంత్రి నోటినుంచి వచ్చిన మొదటి నినాదం అది.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. "ప్రభుత్వ తేయాకును పరీక్షించు సిబ్బంది, నోటిలోనికి తీసుకున్న తేనీటిని బొట్టు మిగలకుండా మింగవలెను. ఇందుకు భిన్నముగా ప్రవర్తించినవారు ఉద్యోగమునకు అనర్హులు." దీని అమలు చూడటానికి గుటకల పర్యవేక్షణాధికారి అని ఒక పదవి పుట్టింది. అందులోకి మంత్రిగారి తోడల్లుడి తమ్ముడు వచ్చాడు. అతను అంతకుముందు ఏ ఉద్యోగమూ చేయలేదు కాబట్టి చెడ్డ అలవాట్లేవీ అంటలేదు. బావగారి ఎదురుగా ఎత్తు బల్ల వేసుకుని కూర్చుని, గొంతుముడి కిందకీ పైకీ కదిలినప్పుడల్లా పుస్తకంలో ఒక గీత గీసేవాడు. అనుమానం వస్తే "ఏదీ, నోరు తెరవండి" అనేవాడు. ఇత్తడి తొట్టికి చింతపండు పెట్టి తోమించి, చక్రాలు ఊడదీసి, మంత్రిగారి గదిలో పూలు పెట్టి నిలబెట్టారు. వచ్చినవాళ్ళందరూ పూలకుండీ ఎంత బాగుందో అన్నారు. నేనూ అన్నాను.

నాలుగో రోజు పొద్దున్నే అక్కయ్య మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఒరేయ్, మీ బావకి నిద్ర పట్టడం లేదురా."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆ దిక్కుమాలిన ఉత్తర్వు వచ్చినప్పట్నుంచి. ఇల్లంతా సర్దేశారు. అటక మీదవి కిందకి దించారు, కిందవి అటకెక్కించారు. తలుపులన్నిటికీ నూనె రాశారు. నిన్న పక్కింటివాళ్ళ తలుపులకి కూడా రాసొచ్చారు. వాళ్ళు రాయమనలేదు."

నవ్వొచ్చింది. అక్కయ్య మొహం చూసి ఆపుకున్నాను.

"నవ్వుతావేంరా! ఆయన కళ్ళు చూస్తుంటే నాకు భయమేస్తోంది. ఇంతకీ ఆ ఉత్తర్వు రాసింది నువ్వేనట కదా?"

"భాష మాత్రమే నాది అక్కయ్యా."

"నీ భాష మండిపోనూ! ఆ భాషతోనే ఇంకో కాగితం రాయి. ఆయన్ని మునుపటిలాగా ఉమ్మనివ్వమను. నాకు మేడలొద్దు, మిద్దెలొద్దు. నా మొగుడు ఉమ్మితే చాలు."

సిగ్గుపడుతూ కార్యదర్శిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ అవుననలేదు, కాదని కూడా అనలేదు. ఫైలు పెట్టమన్నారు. అయితే 'ఉమ్ముట' అన్న మాట ప్రభుత్వ కాగితం మీద బాగుండదు, కాస్త గౌరవంగా ఉండే మాట ఏదైనా వెతకమన్నారు.

"ద్రవ విసర్జన అంటే ఎలా ఉంటుంది?" అని ఆయనే అన్నారు.

"అది వేరే పని సార్."

మాట కోసం వారం పట్టింది. ఆఖరికి 'నోటి నుండి వెలుపలికి పంపుట' అని కుదిరింది. పరీక్షకుడికి పదకొండు రోజులుగా నిద్రలేదు కాబట్టి దయతో పరిశీలించవలసిందని రాసి ఫైలు పంపాం. మంత్రిగారు అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జాలిపడ్డారనుకున్నాను.

"పదకొండు రోజులా?"

"అవును సార్."

"పదకొండు రోజులుగా నిద్రపోని ప్రభుత్వోద్యోగి! మన దగ్గర ఉన్నాడా? ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఏం చేస్తున్నారయ్యా? అవతల ప్రతిపక్షం ప్రభుత్వం నిద్రపోతోంది, నిద్రపోతోంది అని గొంతు చించుకుంటుంటే!"

మూడు రోజుల్లో నలభై కూడళ్ళలో మా బావగారి నిలువెత్తు పోస్టర్లు లేచాయి. సాసర్లంత కళ్ళు. కింద "ప్రభుత్వం నిద్రపోవడం లేదు" అని పెద్దక్షరాలు. ఆ కళ్ళను చూసి బండ్లు నడిపేవాళ్ళు హడలిపోయి వేగం తగ్గిస్తున్నారు. ప్రమాదాలు తగ్గడం తమ ఘనతేనని రవాణా శాఖ చెప్పుకుంది. జరగబోయే ప్రపంచ తేయాకు చరిత్ర సదస్సులో బావగారికి పతకం ఇస్తారని ప్రకటన వచ్చింది. అప్పటిదాకా ఆయన పొరపాటున నిద్రపోకుండా చూడటానికి ఇద్దరు కాపలావాళ్ళను ఇంట్లో పెట్టారు.

"బాగానే చూస్తున్నారా?" అని అక్కయ్యని అడిగాను.

"ఏం చూస్తారు నా మొహం! తెల్లవార్లూ ఇద్దరూ ఒకటే గురక. చలికి ముడుచుకుంటుంటే మీ బావే దుప్పట్లు తెచ్చి కప్పారు."

ఇంకో శుభవార్త కూడా ఉంది. ఉత్తర్వు వచ్చాక దేశంలో పండిన తేయాకంతా మొదటి రకం అయిపోయింది. మంత్రిగారు పట్టికలు తెప్పించుకుని మురిసిపోయారు. "చూశారా, ఉమ్మినన్నాళ్ళూ మూడో రకం. మింగడం మొదలెట్టగానే మొదటి రకం. ఆకుకి కూడా మర్యాద తెలుసయ్యా!" ఆ ముక్క నేను ఉపన్యాసం నలభై రెండో పేజీలో చేర్చాను.

ఆ మధ్యాహ్నమే బావగారు ఒక కప్పు పట్టుకుని నా గదికి వచ్చారు.

"ఏవోయ్, ఇది కాస్త తాగి చెప్పు."

తాగాను. "బాలేదండీ. తడిగడ్డి వాసన కొడుతోంది."

ఆయన కప్పు తీసుకుని అందులోకి చాలాసేపు చూశారు. "నాకు వేణ్ణీళ్ళలా ఉందోయ్. మూడో కప్పు దాటాక ఏదీ తెలియడం లేదు. ఏం చెప్పాలో తెలియక అన్నిటికీ మొదటి రకం అనేస్తున్నాను. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఒక్క కప్పు గురించి అబద్ధం చెప్పి ఎరగను. పోస్టర్లో నా మొహం చూసుకుంటే తల కొట్టేసినట్టుంటోంది."

ఆయనే మళ్ళీ అన్నారు. "నీ ఉపన్యాసంలో ఆ సన్యాసి కథ ఉందా? ధ్యానంలో కునుకు పట్టిందని కోపమొచ్చి కనురెప్పలు కోసి పారేస్తే, అవి పడ్డచోట తేయాకు మొక్క మొలిచిందంటారే?"

"ఉందండీ. పద్నాలుగో పేజీ."

"ఆయనకేమో నిద్ర వచ్చి బాధ, నాకు రాక బాధ. ఒకే కాలంలో పుట్టి ఉంటే ఇద్దరం సర్దుకునేవాళ్ళం" అని నవ్వబోయి నవ్వలేక వెళ్ళిపోయారు. నలభై రెండో పేజీ కొట్టేద్దామని కలం తీశాను. కొట్టేయలేదు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు.

సదస్సు రోజు రానే వచ్చింది. తేయాకు పండించే దేశాల నుంచి తొమ్మిదిమంది ప్రతినిధులు వచ్చారు. అందరూ వాళ్ళ వాళ్ళ దేశాల్లో టీ రుచి చూసి తలలు పండినవాళ్ళు. వేదిక మీద మంత్రిగారి ఇత్తడి పూలకుండీ నిగనిగలాడుతోంది. దాని పక్కన ఎత్తుకుర్చీలో, "ప్రభుత్వం నిద్రపోవడం లేదు" అన్న బట్ట కింద, మా బావగారు కళ్ళు విప్పుకుని కూర్చున్నారు. ఆ రోజుకి పంతొమ్మిది రోజులు.

ముందుగా అతిథులు మన మొదటి రకం టీ రుచి చూడాలి. అందరిలోకీ పెద్దాయన చెంచాతో తీసుకుని జుర్రుమని పీల్చి, అటూ ఇటూ చూశారు. వేదిక మీద పూలకుండీ కనిపించింది. పరాయి ఊళ్ళో చుట్టం కనిపించినట్టు ఆయన మొహం విప్పారింది. గబగబా మెట్లెక్కి, పూలన్నీ ఒద్దికగా బయటికి తీసి మంత్రిగారి చేతుల్లో పెట్టి, తొట్టిలోకి తుపుక్కున ఉమ్మారు. మిగతా ఎనిమిదిమందీ వరస కట్టారు. పూలగుత్తితో నిలబడిన మంత్రిగారిని ఫొటోగ్రాఫర్లు ఫొటోలు తీశారు.

"ఏం చేస్తున్నారయ్యా వీళ్ళు?" అన్నారు మంత్రిగారు పెదాలు కదపకుండా.

"రుచి చూస్తున్నారు సార్. ప్రపంచమంతా ఇలాగేనట. మా బావగారు ఆ రోజే చెప్పారు."

మంత్రిగారు తొమ్మిదో ఆయన ఉమ్మేదాకా ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది.

"అయితే ఉత్తర్వు వెనక్కి తీసుకుందామా సార్?"

"ఎలా తీసుకుంటాం? పోస్టర్లు వేయించేశాం కదా!" అంటూ ఆయన పూలు నాకిచ్చి మైకు దగ్గరికి నడిచారు.

ఉపన్యాసం మొదలైంది. తొమ్మిదో పేజీలో గాలికి చప్పట్లు పడ్డాయి. పద్నాలుగో పేజీలో సన్యాసి రెప్పలు కోసుకుంటుండగా మా బావగారి ఎడమ రెప్ప కిందకి జారింది. పదిహేడో పేజీలో పోర్చుగీసు రాకుమారి పెళ్ళి చేసుకుని ఇంగ్లండు అత్తవారింటికి టీ పెట్టె పట్టుకెళుతోంది. ఆమె ఓడ దిగేసరికి కుడిరెప్ప కూడా జారింది. నిద్రపోని ఉద్యోగి వేదిక మీద నిద్రపోతే ఉద్యోగం ఊడుతుంది. రెండో వరసలో ఉన్న అక్కయ్య వైపు చూశాను. ఆవిడ ఉద్యోగం మాటే తలుచుకోవడం లేదు. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనిండా నీళ్ళతో చూస్తోంది. "పడుకున్నారురా, పడుకున్నారు! చప్పుడు చేయకండమ్మా" అని పక్కవాళ్ళను బతిమాలుతోంది.

బతిమాలక్కర్లేదు. అప్పటికే పక్కవాళ్ళు కూడా పడుకున్నారు. ఇరవై తొమ్మిదో పేజీలో అమెరికావాళ్ళు టీ పెట్టెలు సముద్రంలో పారేసిన చప్పుడుకి కూడా ఎవరూ కదల్లేదు. ముప్ఫై మూడో పేజీలో రష్యాకి టీ మోస్తున్న ఒంటెలు ఏడాది పైన నడిచాయి. వాటి వెంట కాపలావాళ్ళు, ప్రతినిధులు, మా కార్యదర్శిగారు ఒక్కొక్కరే నిద్రలోకి వెళ్ళిపోయారు. గుటకల పర్యవేక్షణాధికారి ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. నలభయ్యో పేజీకి ఆ హాల్లో మేలుకుని ఉన్నది ముగ్గురం. చదువుతున్నారు కాబట్టి మంత్రిగారు, పేజీలు లెక్కపెడుతున్నాను కాబట్టి నేను, సంతోషం పట్టలేక అక్కయ్య.

ఫొటోగ్రాఫర్లు కూడా పడుకోవడం వల్ల ఆ దృశ్యం ఫొటో ఎవరి దగ్గరా లేదు.

"ఎలా ఉంది నా ఉపన్యాసం?" అని అడిగారు మంత్రిగారు కారెక్కుతూ.

"అందరూ కళ్ళు మూసుకుని విన్నారు సార్."

"గమనించాను. మీ బావ అయితే తల వాల్చి మరీ విన్నాడు. చరిత్రంటే అంత భక్తి ఉండాలి."

బావగారు మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుని లేచి, పరీక్షా కేంద్రానికి వెళ్ళి, మళ్ళీ రెండువందల నలభై కప్పులు మింగారు. ఉత్తర్వు ఉత్తర్వే కదా. కళ్ళు మళ్ళీ సాసర్లయ్యాయి. అక్కయ్య నా దగ్గరికి వచ్చి ఉపన్యాసం ప్రతి ఒకటి పట్టుకెళ్ళింది. రోజూ దీపాలు పెట్టాక పక్కన కూర్చుని పన్నెండో పేజీ నుంచి చదివేది. బావగారు ఏనాడూ పదహారో పేజీ చూడలేదు. అయినా అక్కయ్య మొహంలో కళ లేదు.

"నిద్రపుచ్చడమైతే నేను నిద్రపుచ్చుతున్నానురా. నాలుక పోయిందని ఆయన కుమిలిపోతున్నారు. కప్పు చూస్తే తల దించుకుంటున్నారు. ఉమ్మనిచ్చేవాళ్ళెవరురా?"

అంతలో మంత్రివర్గం మారుతుందని పుకారు పుట్టింది. మా మంత్రిగారికి నిద్ర కరువైంది. మందులు పనిచేయలేదు. గుటకల అధికారి ద్వారా అక్కయ్య వైద్యం సంగతి ఆఫీసంతా తెలుసు కాబట్టి, కార్యదర్శిగారు నన్ను పక్కకి పిలిచి, "మీ అక్కయ్యగారు ఒకసారి భోజనాలయ్యాక వచ్చి చదువుతారేమో కనుక్కుంటారా?" అన్నారు.

అక్కయ్య ఒప్పుకుంది. "నలభయ్యారు పేజీల అడుగున ఇంకో పేజీ పెట్టి ఇవ్వరా. నీ భాషలోనే" అంది. ఆ రాత పన్నెండేళ్ళలో నేను రాసిన వాటన్నిటికంటే చిన్నది. ఒక్కటే వాక్యం. "తేయాకు పరీక్షించు సిబ్బంది మునుపటి పద్ధతినే అనుసరించవలెను."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. అక్కయ్య మొదలుపెట్టింది. నేను గోడ పక్కన నిలబడ్డాను.

తొమ్మిదో పేజీలో మంత్రిగారు కళ్ళు తెరవకుండానే అన్నారు. "ఈ గాలి సంగతేదో బాగుందమ్మా. ఎవరు చెప్పారు?"

"మీరేనండీ."

"నేనా?" అని ఆశ్చర్యపోయి, పన్నెండో పేజీలో పెదాలు తెరిచి, పద్నాలుగో పేజీలో సన్యాసి రెప్పల దగ్గర పూర్తిగా వెళ్ళిపోయారు. సన్నగా గురక కూడా మొదలైంది. అక్కయ్య అడుగున ఉన్న కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. కలం మూత తీసి వేళ్ళ మధ్య ఇరికించి, ఆఫీసు గొంతుతో, "సార్, ఒక్క సంతకం" అంది.

మంత్రిగారి కళ్ళు తెరుచుకోలేదు. గురక ఆగలేదు. చెయ్యి మాత్రం దానంతట అది కదిలి, చక్కగా సంతకం చేసి, కింద తేదీ వేసి, కాగితాన్ని ఎడమవైపుకి నెట్టి, తరవాతి ఫైలు కోసం ఖాళీగా చాపుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున్నే తొట్టికి మళ్ళీ చక్రాలు బిగించి పరీక్షా కేంద్రానికి పంపారు. సదస్సయ్యాక మళ్ళీ పెట్టిన పూలలో అడుగున రెండు అలాగే ఉండిపోయాయి. బావగారు వాటిని తీసి బల్ల మీద పెట్టి, చెంచా తుడుచుకుని, జుర్రుమని పీల్చి, తుపుక్కున ఉమ్మారు. ఆ రోజు పెద్దగా ఏమీ తెలియలేదు. నాలుగో రోజుకి నాలుక తిరిగి వచ్చింది. ఒక కప్పు దగ్గర ఆగి, ఇంకోసారి పీల్చి, ఉమ్మి, "మూడో రకం" అన్నారు. ఆ తరవాతిది, "ఇది అసలు టీయే కాదు, రాసుకోండి" అన్నారు. అక్కయ్యకి ఈ మాట చెబితే గట్టిగా ఏడ్చేసింది.

వారం తిరిగేసరికి దేశంలోని తేయాకంతా మళ్ళీ మూడో రకం అయింది. మంత్రిగారు పట్టిక చూసి భగ్గుమన్నారు. కార్యదర్శిగారినీ నన్నూ పిలిపించారు. ఎదురుగా నా ఒక్క వాక్యం కాగితం ఉంది.

"ఇది నేను ఎప్పుడు పెట్టానయ్యా? ఆవిడ వచ్చి చదివిన రోజు తేదీ ఉంది. ఆ పూట నేను నిద్రపోయాను. ఇది నిద్రలో పెట్టిన సంతకం. చెల్లదు!"

బావగారి నాలుక, అక్కయ్య నమ్మకం, నా ఉద్యోగం అన్నీ ఒకేసారి పోయేలా ఉన్నాయి. అప్పుడు కార్యదర్శిగారు ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒక మంత్రికి తనంతట తాను సలహా ఇచ్చారు.

"పోల్చి చూద్దాం సార్. నిద్రలో పెట్టినదైతే, మెలకువలో పెట్టిన వాటికీ దీనికీ తేడా ఉండాలి కదా."

"తీసుకురా. ఇప్పుడే తేల్చేద్దాం."

నాలుగేళ్ళ ఫైళ్ళు వచ్చాయి. కార్యదర్శిగారు వాటిని విప్పి బల్ల మీద బారుగా పరిచారు, బావగారి కప్పుల్లాగే. గాలి గురించి రాసిన లేఖ. గుటకల ఉత్తర్వు. తోడల్లుడి తమ్ముడి నియామకం. పోస్టర్ల మంజూరు. రోడ్లు, బడులు, కొండల మీద ఆసుపత్రి, దానికి డాక్టరు వద్దన్న కాగితం, కావాలన్న మరో కాగితం. మంత్రిగారు భూతద్దం పట్టుకుని ఆ చివరినుంచి మొదలుపెట్టారు. ఒక్కో సంతకం దగ్గరా వంగి, అక్షరాలు చూసి, కింద గీత చూసి, తేదీ చూసి, మళ్ళీ నా కాగితం దగ్గరికి వచ్చి పోల్చుకున్నారు. సగం బల్ల అయ్యేసరికి నడక నెమ్మదించింది. ఈ చివరికి వచ్చినా ఒక్క సంతకంలోనూ వెంట్రుకవాసి తేడా దొరకలేదు. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టారు.

"చెల్లుతుంది" అన్నారు.

"మరి ఇవన్నీ సార్?" అని కార్యదర్శిగారు పరిచిన ఫైళ్ళ వైపు చెయ్యి చూపించారు. అవన్నీ రెపరెపలాడుతున్నాయి.

మంత్రిగారు అటు చూడలేదు.

"ముందు ఆ కిటికీ మూసెయ్యవయ్యా" అన్నారు నాతో. "గాలి వస్తోంది."